కీ ఇచ్చిందెవరు?

గురువారం పొద్దున సొరుగు తెరిచేసరికి బంగారు వాచీ నడుస్తోంది.

పళ్ల డాక్టరు దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు.

దాన్ని ఆయన పెట్టుకున్నది ఆదివారం. పూర్తిగా కీ ఇచ్చినా ఒకటిన్నర రోజు నడుస్తుంది, అంతే. మంగళవారానికల్లా ఆగిపోయి ఉండాలి.

సెకన్ల ముల్లు మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతోంది.

అలాంటి కీ వాచీలు ఆయన దగ్గర తొమ్మిదున్నాయి. ఇరవై ఏళ్లుగా ఒక్కొక్కటే వెతికి తెచ్చుకున్నవి. బ్యాటరీతో నడిచేదాన్ని ఆయన అసలు వాచీగానే ఒప్పుకోడు. రోగి నోట్లో చెయ్యి పెట్టేముందు వాచీ విప్పి మెత్తటి గుడ్డలో పెట్టే తీరు చూసి, "పసిపిల్లని పడుకోబెడుతున్నట్టుంది సార్" అనేది నర్సు.

సొరుగు తాళంచెవి పుస్తకాల వెనక ఉంటుంది. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఇంట్లోవాళ్లంటే భార్య. రెండు నెలలుగా, ఆమె తమ్ముడు.

బావమరిది పాత కార్లు కొని అమ్ముతుంటాడు. నాలుగు రోజులుంటానని వచ్చి పక్కగదిలో స్థిరపడ్డాడు. డాక్టరు చేతికి వాచీ కనిపిస్తే చాలు, "ఇదెంత పలుకుతుంది బావా?" అంటాడు.

ఆ రోజునుంచి డాక్టరు కాపలా మొదలుపెట్టాడు. క్లినిక్‌నుంచి రాగానే తొమ్మిది వాచీలనూ ఫోన్లో ఫోటో తీసేవాడు. ఏ ముల్లు ఎక్కడుందో నిన్నటి ఫోటోతో పోల్చి చూసేవాడు.

వారం తిరిగేసరికి బంగారుది కదల్లేదు గానీ, స్టీలుది నడిచింది.

ఆ పైవారం స్టీలుదీ ఊరుకుంది. పాత మిలిటరీ వాచీ, అరచేతిలో సగం ఉండేది, అది నడిచింది.

ఖరీదైనదాన్ని వదిలేసి చవకవాటి మీదికి దిగుతున్నాడంటే వీడి ఎత్తు వేరే ఉంది. బయటికి తీసుకెళ్లి లోపలి సరుకు మార్పించేస్తున్నాడేమో.

వంటింట్లో భార్య పంపు కింద గిన్నెలు కడుగుతోంది.

"నా సొరుగు ఎవరన్నా తీస్తున్నారా?" వెనకనుంచి అడిగాడు.

ఆమె తిరగలేదు. కడిగిన గిన్నె బోర్లించి ఇంకోటి అందుకుంది.

తమ్ముడి గొడవ అనుకుని పెడచెవిన పెడుతోంది, అనుకున్నాడు. ఆమె కోర్టులో స్టెనో. జడ్జిగారి నోట్లోంచి వచ్చిన ప్రతి మాటనూ ఇరవై ఆరేళ్లుగా ఒడిసిపట్టుకుంటున్న మనిషి. మొగుడి మాట మాత్రం చెవికెక్కదు!

మూడు వాచీలనూ తీసుకెళ్లి రిపేరు ముసలాయన ముందు పెట్టాడు. ఆయన కంటికి భూతద్దం బిగించి, వెనక మూతలు విప్పి, ఒక్కోదాన్నీ తీరిగ్గా చూశాడు.

"ఎవరూ వేలు పెట్టలేదు డాక్టరుగారూ. అంతా అసలు సరుకే."

"బాగా చూశారా?"

"మీరు పన్ను చూసినంత బాగా." ముసలాయన మూతలు బిగించాడు. "అయినా దొంగ ఎత్తుకుపోతాడు గానీ, కీ ఎందుకిస్తాడండీ?"

ఆ మాట డాక్టరుకు రుచించలేదు.

ఆదివారం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు.

"నా వాచీలు పెట్టుకుని ఎక్కడెక్కడ తిరుగుతున్నావ్?"

బావమరిది చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నేను ముట్టుకోలేదు బావా."

"మరి వాటికవే కీ ఇచ్చుకుంటున్నాయా?"

ఆమె గ్లాసులో నీళ్లు పోయడం ఆపి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. అతను అక్కవైపు తిరిగాడు. ఏదో చెప్పబోయి నీళ్లు నమిలాడు.

దొరికాడు, అనుకున్నాడు డాక్టరు.

సాయంత్రానికల్లా అతను బట్టలు సర్దుకున్నాడు. గుమ్మం దగ్గర అక్క చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. బావవైపు చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

బుధవారం క్లినిక్‌లో కుర్చీ మోటారు కాలిపోయింది. చేసేదేం లేక డాక్టరు మధ్యాహ్నమే ఇంటికొచ్చి, తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీశాడు.

గదిలో భార్య ఉంది. ఆ వేళకు కోర్టులో ఉండాల్సిన మనిషి.

సొరుగు తెరిచి ఉంది. మూడు వాచీలు బల్లమీద ఉన్నాయి.

"ఏమే, నువ్వా?"

పలకలేదు.

"నిన్నే!" గొంతు పెంచాడు.

ఆమె మిలిటరీ వాచీకి కీ ఇచ్చి కుడిచెవికి ఆనించుకుంది. కళ్లు మూసుకుంది. తీసి ముల్లు చూసింది. ఎడమచెవికి ఆనించుకుంది.

రెండడుగుల దూరంలో నిలబడ్డ ఆయనకు దాని చప్పుడు వినబడుతూనే ఉంది.

భుజమ్మీద చెయ్యి వేశాడు. ఆమె ఉలిక్కిపడింది. ఆ చెయ్యి ఎవరిదో తెలిసినా వెనక్కి తిరగలేదు.

"బంగారుది పోయిన నెలదాకా వినబడేది," అంది. "స్టీలుది మొన్నమొన్నటిదాకా."

మిలిటరీ వాచీ అద్దమ్మీద వేలు పెట్టింది.

"ఇది నడుస్తోంది కదండీ?"

ఆయన అవునన్నట్టు ఆమె భుజమ్మీద మెల్లగా తట్టాడు.

"చెవుల డాక్టరు దగ్గరికి తమ్ముడే తీసుకెళ్లాడు. మీకు చెప్పేద్దామన్నాడు. నేనే ఒట్టు వేయించుకున్నా. కోర్టులో తెలిస్తే ఇంకేముంది? ఇంకా రెండేళ్ల సర్వీసు..."

"వాడికి నేను ఫోన్ చేస్తాను," అన్నాడు ఆయన. "ఇప్పుడే చేస్తాను."

ఆమె వాచీవైపే చూస్తోంది.

ఆయన బల్ల చుట్టూ తిరిగి వచ్చి, కుర్చీ లాక్కుని, ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

ఆమె చూపు తన పెదవుల మీదికి వచ్చేదాకా ఆగాడు.

అప్పుడు మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.