మ్యాపులో లేని లైను

ముసలాయన బల్ల మీది పెన్ను తీసుకుని మ్యాపు మీద అడ్డంగా ఒక గీత గీసేశాడు.

"అయ్యో, ఏం చేశారండీ!"

పరిశోధకురాలు పరుగున వచ్చి మ్యాపు లాక్కుంది. అది ఊరి మంచినీటి పైపుల మ్యాపు. నీటి సరఫరా ఆఫీసు చుట్టూ నెల రోజులు తిరిగి సంపాదించుకున్నది.

ముసలాయన బెదరలేదు. వణికే ఎడమచేత్తో మళ్ళీ అక్కడే చూపించాడు. గుట్ట మీది ట్యాంకు దగ్గర్నుంచి ఆసుపత్రి దాకా.

"ఆ... ఆ..." అన్నాడు.

పక్షవాతం వచ్చాక ఆయనకు మిగిలిన మాట అదొక్కటే.

ల్యాబులో గాజుసామాను కడిగే ఆమెకు ఆయన మామగారు. ఇంట్లో చూసుకునే మనిషి లేక ఆమె రోజూ వెంట తెచ్చుకుని మూలనున్న స్టూలు మీద కూర్చోబెట్టేది. ఆయన పొద్దస్తమానం గాజు పళ్ళేల వంకే చూస్తూ ఉండేవాడు.

పళ్ళేల్లో ఉన్నది పసుపురంగు జిగురు జీవి. చూడ్డానికి బూజులా ఉంటుంది. దానికి మెదడు లేదు, కళ్ళు లేవు, ఒక్క నరమైనా లేదు. అయినా నాలుగు చోట్ల ఓట్స్ గింజలు పెడితే చాలు, వాటన్నిటినీ కలుపుతూ సన్నటి తీగలు చాచుకుంటుంది. పనికిరాని తీగను తనే వెనక్కి తీసేసుకుంటుంది.

ఊళ్ళో నీళ్ళ ట్యాంకులూ, కొళాయిలూ, ఆసుపత్రీ ఉన్నచోట్లను పళ్ళెంలో గుర్తించి, ఒక్కో చోట ఒక్కో గింజ పెట్టింది పరిశోధకురాలు. ఆ జీవి వేసే దారులూ మనుషులు వేసిన పైపులూ ఒకలాగే ఉంటాయని నిరూపించాలి.

అన్నీ కలిశాయి. ఒక్కచోట తప్ప.

గుట్ట ట్యాంకు నుంచి ఆసుపత్రికి అది ఒక తీగ అదనంగా వేస్తోంది. పన్నెండు పళ్ళేల్లో పదకొండింట్లో వేసింది. మ్యాపులో అక్కడ ఏమీ లేదు.

"ఆ ఒక్క తీగ నీ మూడేళ్ళ పనిని ముంచుతుంది," అని ఆ ఉదయమే ఆమె పీహెచ్‌డీ గైడు అన్నాడు. "నెలాఖరులోగా కారణం చెప్పు. లేదంటే మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టు."

ముసలాయన గీసింది కూడా సరిగ్గా అక్కడే. పళ్ళెం చూసి కాపీ కొట్టాడనుకుంది ఆమె.

పక్క బల్ల దగ్గరి స్నేహితురాలు తల ఊపింది. "బాగుందే! మెదడు లేకుండా గీతలు గీసే శాల్తీలు మన ల్యాబులో రెండయ్యాయి."

అందరూ నవ్వారు. పరిశోధకురాలు కూడా నవ్వింది.

ముసలాయనకు మాట పోయింది గానీ వినికిడి పోలేదు.

కోడలు తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది.

"తప్పయిపోయింది మేడం. పైపులు కనిపిస్తే ఆగలేరు. ఒకప్పుడు మా మామయ్య..."

"ఒకప్పుడు ఏమైతే నాకేంటి? ఇది ల్యాబా, సత్రమా? మతిలేని మనిషిని తెచ్చి నా నెత్తిన కూర్చోబెడతారా?"

"ఇంట్లో ఎవరూ ఉండరండీ."

"అది కూడా నేనే చూడాలా?"

కోడలు చేతులు తుడుచుకుని ఆయన చొక్కా బొత్తాం సరిగ్గా పెట్టింది.

"పదండి మామయ్యా. రేపట్నుంచి ఇంట్లోనే ఉందురుగాని."

ఆయన గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. మనుషుల్ని చూడలేదు. తన మాట ఒప్పుకున్నవాళ్ళను చూసినట్టు ఆ పళ్ళేన్ని చూశాడు.

మర్నాడు కోడలు ఒక్కతే వచ్చింది. ఆ తర్వాత వారం రోజులు రాలేదు.

వచ్చిన రోజున పరిశోధకురాలు ఏదో ఒకటి అనాలి గనక అడిగింది. "తాతగారు కులాసానా?"

"పోయారమ్మా. తాళం వేసి పనికొచ్చాను కదా. తిరిగి వెళ్ళేసరికి తలుపు దగ్గర పడి ఉన్నారు."

ఆమె గొంతులో నింద లేదు. ఉంటే కాస్త నయంగా ఉండేది. పరిశోధకురాలు క్షమించమని అడగబోయింది. ఆ మాట నోటిదాకా వచ్చి మరీ చిన్నదిగా తోచింది.

ఆ పూట ల్యాబులో కూర్చోలేకపోయింది. మ్యాపు చుట్టుకుని నీటి సరఫరా ఆఫీసుకు వెళ్ళింది.

రిటైర్‌మెంటుకు దగ్గరపడ్డ స్టోరుకీపరు కళ్ళజోడు సర్దుకుని మ్యాపు పరిచాడు.

"ఈ గీత ఎవరు గీశారమ్మా?"

"పొరపాటున పడిందండీ. చెరిపేస్తాను."

"చెరపకండి. అక్కడ పైపుంది."

"మీ మ్యాపులో లేదే?"

"ఆర్డరుంటే గదా మ్యాపులోకి ఎక్కడానికి! నీళ్ళకు కటకటలాడిన ఏడాది పెద్ద పైపు పగిలింది. ఆసుపత్రికి చుక్క లేదు. పైవాళ్ళు కాగితాలు రాసుకుంటూ కూర్చున్నారు. మా ఫిట్టరొకాయన పాత పైపులు పోగేసి, ఐదుగుర్ని వెంటేసుకుని, రెండ్రోజుల్లో గుట్ట మీంచి లైను దింపేశాడు. పెద్ద పైపు మొరాయించినప్పుడల్లా ఇవాళ్టికీ ఆసుపత్రికి ఆ నీళ్ళే."

"బాగా చదువుకున్నాయనా?"

"వేలిముద్రగాడమ్మా. కానీ ఊళ్ళో పైపులన్నీ ఆయన బుర్రలోనే ఉండేవి. ఇనపరాడ్డు నేలకానించి, దానికి చెవి పెట్టి, నీళ్ళు ఎటు పోతున్నాయో చెప్పేవాడు."

"ఇప్పుడెక్కడున్నారు?" అడగక్కర్లేదని తెలిసే అడిగింది.

"ఏమోనమ్మా. పక్షవాతం వచ్చి మాట పడిపోయిందన్నారు." స్టోరుకీపరు మ్యాపును మెల్లగా చుట్టి ఇచ్చాడు. "ఆర్డరు లేకుండా ఆ లైను వేశాడనే ఉద్యోగంలోంచి గెంటేశారు, పాపం."

అదే లైను కోసం ఆయన్ని రెండోసారి గెంటింది ఎవరో ఆమె చెప్పలేకపోయింది.