నూటొకటో సభ్యుడు

"వంద మందే," అంది రిపోర్టరమ్మ. "మూడుసార్లు లెక్కపెట్టాను."

"నూటొక్కరు," అన్నాడు ప్రెసిడెంటు ఆఫీసు నుంచి వచ్చిన అధికారి, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.

సభలో ఎవరేం మాట్లాడినా పొల్లుపోకుండా రాసుకోవడం, మర్నాడు మధ్యాహ్నంలోగా రికార్డు పుస్తకంలోకి ఎక్కించి సంతకం పెట్టడం ఆవిడ ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా అదే బల్ల, అదే పుస్తకం. నిన్న ప్రెసిడెంటు సభ్యుల్ని పిలిపించాడు. గంటన్నర ప్రసంగించి, ఇంకో ఐదేళ్ళు ఎన్నికలు లేవని, తానే ఉంటానని చెప్పాడు. పిలిచే హక్కు రాజ్యాంగం ఆయనకిచ్చింది. అయితే రెండొందల ఒక్క సీట్లలో నూటొక్కటి నిండితేనే నోరు విప్పమంది. నిండకపోతే ఆ ప్రసంగం చెల్లదు. ఎంతమంది వచ్చారన్నది రికార్డు పుస్తకమే చెప్పాలి. కోర్టు కూడా దాన్ని దాటి అడగడానికి లేదు.

"మీ పుస్తకంలో వంద అని పడితే ప్రెసిడెంటుగారు నిన్న గోడలతో మాట్లాడినట్టే మేడమ్."

"నన్నేం చెయ్యమంటారు? రాని మనిషిని తెచ్చి కూర్చోబెట్టలేను కదా."

"ఒక్క పేరు. అంతే."

"ఎవరిది? సభకి రాకుండా దేశం దాటిపోయినవాళ్ళదా? రేపు వాళ్ళే అక్కణ్ణుంచి మేం రాలేదు మొర్రో అంటారు."

అధికారి గోడ గడియారం వైపు చూసి మళ్ళీ ఆవిడ వైపు చూశాడు. పదకొండయింది.

ఆవిడ భర్త కూడా సభ్యుడే. సభలో అందరూ పాయింటాయన అనేవారు. ఎవరు రూలు దాటినా లేచి నిలబడి 'పాయింటు' అనడం ఆయన అలవాటు. ఇంట్లో తలుపు గొళ్ళెం వెయ్యడం మర్చిపోయినా పాయింటే. సభ నిండకుండా ప్రెసిడెంటు మాట్లాడకూడదని బజార్లో మైకు పెట్టి చెప్పినందుకు ఇరవై మూడు రోజుల కిందట పట్టుకుపోయారు. జైలు గేటు దగ్గర ఉతికిన బట్టల సంచి తీసుకుంటున్నారు గానీ, రెండు వారాలుగా మనిషిని చూపించడం లేదు.

"మీ జైల్లో ఉన్నవాడి పేరు రాస్తాను," అంది ఆవిడ.

మూల బల్ల దగ్గర టైపిస్టు చేతులు ఆగిపోయాయి.

"ఎవరు?"

"మా ఆయన."

అధికారి చాలాసేపు ఆవిడ మొహంలోకి చూశాడు. "ఆయన నిన్న జైల్లో ఉన్నాడు కదా."

"మీరే సభకి తీసుకొచ్చారని రాస్తాను. వచ్చిన వందమందీ మీవాళ్ళు. మీరు కాదనకపోతే కాదనేదెవరు? కానీ ఒక్క మాట. సభకి హాజరైన సభ్యుణ్ణి నలభై రోజులదాకా ఎవరూ నిర్బంధించకూడదు. అది కూడా రాజ్యాంగమే. పేరు పడిందంటే మీరు మనిషిని వదిలెయ్యాల్సిందే."

"నన్నే ఇరికిస్తున్నారన్నమాట." అధికారి చిన్నగా నవ్వాడు. "ఉండండి, అడిగొస్తాను."

ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. టైపిస్టు గబగబా దగ్గరికొచ్చింది.

"వదినా, ఏ మాట అన్నందుకు అన్నయ్య లోపలికెళ్ళాడో ఆ మాటనే మీరు నీళ్ళలో కలుపుతున్నారు. ఆయనొచ్చి ఈ పుస్తకం చదివితే మీ మొహం చూస్తాడా?"

"చూడకపోతే మానె. ఇంట్లో కూర్చుని చూడకుండా ఉండనీ."

టైపిస్టు ఇంకేదో అనబోయింది. అధికారి తిరిగొచ్చాడు.

"సరే అన్నారక్కా," అన్నాడు. మేడమ్ కాస్తా అక్క అయింది. "కాకపోతే ఊరికే పేరుంటే అతికించినట్టుంటుంది. ఆయన ఏదో ఒకటి అన్నట్టు కూడా ఉండాలి. మనిషి కులాసాగా ఉన్నట్టు చదివినవాళ్ళకి తెలియాలి."

ఆవిడ కలం తీసుకుని ఆగకుండా రాసింది. 'పాయింటు. ప్రసంగం అయ్యాక ప్రెసిడెంటుగారు సభలో కూర్చోవడానికి వీల్లేదు. దారి అటు. (నవ్వులు)'

భుజం మీంచి చదివిన టైపిస్టుకి నవ్వొచ్చింది. వెంటనే కళ్ళు తుడుచుకుంది.

"అచ్చం ఆయనే," అన్నాడు అధికారి. "మరి వెళ్ళేటప్పుడు?"

'మూడు గంటల పది నిమిషాలకు సభ్యుడు తనంతట తాను నడుచుకుంటూ బయటికి వెళ్ళారు' అని రాసి చూపించింది.

"టైము చెరపకండి. అది ముఖ్యం," అన్నాడు అధికారి.

ఇరవై ఆరేళ్ళలో ఆవిడ రాసిన మొదటి అబద్ధం అది. కింద ఎప్పటిలాగే సంతకం పెట్టింది.

అధికారి ఒక నకలు తీసుకుని, సిరా ఆరిందో లేదో వేలితో చూసి, మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. లేచి తలుపు దాకా వెళ్ళాడు.

"ఎన్నింటికి పంపిస్తారు?" అంది ఆవిడ. "బండి నేనే తెస్తాను. ఆయనకి మోకాళ్ళ నొప్పి, బస్సెక్కలేరు."

"పంపించడమేంటక్కా. నిన్న మూడూ పదికే నడుచుకుంటూ వెళ్ళిపోయాడని మీరే రాశారుగా. ఆ తర్వాత ఎటు పోయాడో మాకేం తెలుసు?"

తలుపు నెమ్మదిగా మూసుకుంది.

ఆయన చనిపోయి అప్పటికి తొమ్మిది రోజులు.