ఆకుపచ్చ ధార

“మూత! మూత పెట్టండి!” అని ఫోన్ తెరలోంచి భార్య అరిచేసరికే లెక్కల మేష్టారు మిక్సీ తిప్పేశారు. పాలకూర, పెరుగు కలిసి ఎగిరి వంటింటి గోడకి కొట్టాయి.

“గోడకి కొత్త రంగేయిస్తున్నావట్రా?” అంది బామ్మ, ఆయన తల్లి, గుమ్మంలోంచి.

మేష్టారు గబగబా గుడ్డ అందుకున్నారు.

“ఆగండి, తుడవకండి. ఫోన్ గోడ దగ్గరికి పట్టండి,” అంది భార్య. “అబ్బ! ఎంత చక్కగా కిందికి జారుతోందో!”

“మా కోడలికి మతిపోయింది. ఆ ముఖం ఉబ్బు చూడు! జుట్టేమిటే అలా లేచిపోయింది? అసలు నిద్రపోతున్నావా?”

“కన్ను మూసేలోగా తెల్లారిపోతోంది అత్తయ్యా.”

“నాలుగు రోజులు సెలవు పెట్టి రారాదూ? పిల్ల చిక్కి సగమైంది.”

“బండి రావాలి కదా. అదొచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదల్లేను.”

నవ్వుతూనే అంది గానీ, నవ్వు మధ్యలోనే తెగింది. బల్ల కింద వాళ్ళ కూతురు గువ్వ మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. అమ్మ ఉద్యోగం మీద వెళ్ళినప్పటి నుంచీ ఆ పిల్ల అన్నం ముద్ద ముట్టడం లేదు. ఈ వారం కూడా ఇలాగే సరిగా తినకపోతే ఆసుపత్రిలో చేర్చాల్సిందే అన్నాడు డాక్టరు. నమిలే పని లేకుండా పండ్లూ కూరలూ కలిపి స్మూతీ చేసి చూడమన్నాడు.

“మళ్ళీ మొదలెట్టండి. ముందు పాలకూర, పెరుగు. ఆకు నలిగాకే క్యారెట్, యాపిల్. అరటిపండు చివర్న. ఈసారి మూత అరచేత్తో అదిమి పట్టండి మేష్టారూ!”

“చిత్తం.”

మిక్సీ గరగరమని గింజుకుని, కాసేపటికి గొంతు తగ్గించింది. మూత తీస్తే లేతాకు రంగు నురగ.

“గ్లాసులో పొయ్యండి. కాస్త ఎత్తు నుంచి.”

పోశారు. ఫోన్ కేసి చూశారు. ఆమె నోరు తెరుచుకుని అలాగే చూస్తోంది. కళ్ళలో ఊరిన నీళ్ళు చెంపల మీదికి రాకుండా అక్కడే నిలిచిపోయాయి.

“మళ్ళీ పొయ్యండి,” అంది మెల్లగా.

గువ్వ తల బయటపెట్టింది. “నాన్నా, అమ్మ దేన్ని చూస్తోంది?”

“ధారని బంగారం,” ఫోనే బదులిచ్చింది. “అటూ ఇటూ పోకుండా తిన్నగా గ్లాసులోకే ఎలా వెళ్తోందో చూడు! దానికి దారి ఎవరు చెప్పారే?”

గువ్వ చూసింది. మేష్టారు కూడా, అంతవరకూ ఎన్నడూ చూడనట్టే చూశారు.

“నేను పోస్తా.”

మునివేళ్ళ మీద నిలబడి పోసింది. గ్లాసులో సగం, బల్ల మీద సగం. అంచు నుంచి నేలమీదికి టపటపా చుక్కలు.

“కింద పడింది,” అంది గువ్వ బిక్కమొహంతో.

“పడిందా! నా తల్లే, ఇంకోసారి పడెయ్యవే!”

గువ్వ పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే గ్లాసెత్తి గటగటా తాగేసింది. పై పెదవి మీద పచ్చటి మీసం మొలిచింది.

“ఇంకా ఉందా నాన్నా?”

మేష్టారు మిక్సీ జారు గువ్వ చేతికే ఇచ్చేశారు.

“అమ్మా, నువ్విప్పుడు ఎక్కడున్నావ్?” అంది గువ్వ, పోస్తూ.

ఆమె తెరలో పక్కకు జరిగింది. వెనకున్న గుండ్రటి కిటికీ కనిపించింది.

దాని నిండా భూమి నీలంగా, నెమ్మదిగా తిరుగుతోంది.