తలుపు తెరిచి ఉంటే

కొన్నావిడ పెట్టిన షరతు ఒక్కటే. మిషను అమ్మిన మనిషే స్వయంగా వచ్చి, బిగించి, నడిపి చూపించాలి.

సూర్యారావుకు అది నచ్చలేదు. పాత సామాను అమ్మేశాక మళ్లీ దాని మొహం చూడటం ఆయనకు అలవాటు లేదు. కానీ తన ఫ్యాక్టరీలో మూలన పడి ఉన్న మిగతా మిషన్లు కూడా ఆవిడే తీసుకునేలా ఉందని బ్రోకరు సత్తిబాబు చెవిన వేశాడు. అందుకని అతన్ని వెంటబెట్టుకుని పొద్దున్నే పటాన్‌చెరు వచ్చాడు.

ఆవిడ షెడ్డు పారిశ్రామికవాడ చివర ఉంది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా మందుల ఫ్యాక్టరీల ఘాటు గొంతులో దిగుతోంది. లోపల పనివాళ్లెవరూ లేరు. బల్ల లేదు, డ్రిల్లు లేదు, ఇనుప ముక్కయినా లేదు. అంత రేకుల షెడ్డు నడిమధ్య కంప్యూటరు లెక్కన ఇనుమును చెక్కే ఆ చిన్న సీఎన్‌సీ మిల్లింగ్ మిషను ఒక్కటే నిలబడి ఉంది.

"రాండ్రి సారు," అంది కౌసల్య.

ముప్ఫై దాటిన మనిషి. హత్నూర దగ్గర పొలం అమ్మి మరీ కొన్నదట. సీఎన్‌సీ అంటే ఆ చుట్టుపక్కల షావుకార్లే ఇంకా జంకుతున్న రోజులవి. సేద్యం చేసుకునే ఆడమనిషికి ఇదెందుకో సూర్యారావుకు అంతుపట్టలేదు.

మిషను దించగానే ఎవరైనా కొబ్బరికాయ కొడతారు. ఇక్కడ కనీసం పసుపూ కుంకుమా కూడా పెట్టలేదు. అదే మాట అడిగాడు.

"దీనికి బొట్టు పెట్టబుద్ధి కాలే సారు," అందామె.

ఆయన పనిలోకి దిగాడు. రసమట్టం పెట్టి మిషను కాళ్లు సరిచేశాడు. నూనె చూశాడు. కరెంటు ఇచ్చి, బొటనవేలంత కట్టరు బిగించాడు. తెర మీద అంకెలు వెలిగాయి. పని సాగినంతసేపూ ఆమె చేతులు కట్టుకుని పక్కనే నిలబడింది. మిషను వైపు కాదు, ఆయన చేతుల వైపే చూస్తోంది.

తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది. ముక్కను ఎట్లా బిగిస్తారని అడిగింది. లోపలికి చెయ్యి పెట్టి బిగించాలన్నాడు. చెయ్యి లోపల ఉండగా ఎవరైనా బటను నొక్కితే? అద్దం తలుపుకు స్విచ్చి ఉంటుందనీ, తలుపు తెరిచి ఉంటే కట్టరు తిరగదనీ చెప్పాడు. ఎన్నోచోట్ల చెప్పి అరిగిన మాట కాబోలు, తడుముకోకుండా వచ్చింది.

"ఎన్నడు తిరగదా?"

"తిరగదమ్మా. ఎక్కడైనా చెబుతాను."

"అయితే జెర చూపెట్టుండ్రి. రేపు దీని మీద పరాయి బిడ్డలు పనిచేస్తరు. తలుపు తెరిచే ఉంచి మీరు చెయ్యి పెట్టుండ్రి. నేను బటను నొక్కుత."

సూర్యారావు నవ్వాడు. ఆమె నవ్వలేదు. చెయ్యెందుకు, కట్టెముక్క పెట్టి చూద్దామన్నాడు ఆయన.

"కట్టెకు భయముంటదా సారు?"

సంగారెడ్డిలో పనుందనీ, పొద్దెక్కిపోతోందనీ అన్నాడు. మీ మిషను మీదే మీకు నమ్మకం లేకపోతే వాపసు తీసుకుపొమ్మంది ఆమె. సత్తిబాబు గుమ్మంలో నిలబడి వింటున్నాడు. ఇక్కడ వెనకడుగు వేస్తే సాయంత్రానికి ఆ మాట ప్రతి షెడ్డుకూ చేరుతుంది.

సూర్యారావు చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మెల్లగా లోపల పెట్టాడు. ఇనుము చల్లగా తగిలింది. కట్టరు సరిగ్గా మణికట్టు మీద వేలాడుతోంది. కౌసల్య వేలు పచ్చ బటను మీదికి వచ్చింది. ఆమెకు తొందరేమీ లేదు. ఆయన కళ్లు తలుపు అంచున ఉన్న స్విచ్చి దగ్గరే ఆగిపోయాయి. కణతల మీంచి చెమట కారుతోంది.

"నొక్కుతున్న సారు."

ఆ మాట పూర్తికాకముందే చెయ్యి బయటికొచ్చేసింది. తలుపుకు తగిలి మోచెయ్యి గీరుకుపోయింది. ఆ చేతిని గుండెకు అదుముకుని ఆయన వెనక్కి తూలాడు.

ఆమె వేలు బటను మీదే ఉంది. కట్టరు కదల్లేదు. తలుపు తెరిచి ఉందంటూ తెర మీద ఎర్రటి అక్షరాలు మాత్రం ఆరుతూ వెలుగుతున్నాయి.

"స్విచ్చి మొన్ననే బాగుచేయించిన," అంది కౌసల్య. "నా తానకొచ్చినప్పుడు దాని తీగెలు ఒకదానికొకటి చుట్టి ఉండె. తలుపు తీసినా తిరిగేటట్టు చేసిన్రు."

సూర్యారావు పెదాలు తడుపుకున్నాడు. తీగెల సంగతి తనకు తెలియనే తెలియదన్నాడు. పని త్వరగా తెమలాలని కుర్రాళ్లెవరో చుట్టి ఉంటారన్నాడు. చెయ్యి మాత్రం గుండె మీంచి దించలేదు.

కౌసల్య ఆ చేతినే చూస్తూ, గొంతు పెంచకుండా అంది:

"ఎరుక లేనోళ్లు చెయ్యి తియ్యరు సారు, పోయినేడు మీ ఫ్యాక్టరీల గిదే మిషను లోపలి నుంచి నా పెనిమిటి తియ్యలే."