చిక్కంలో పడ్డ విమానం

"అయ్యా, తోటలో ఎవరో విమానం ఎగరేస్తున్నారు!"

పుల్లలు ఏరుకునే సవరమ్మ పరుగున వచ్చి చెప్పింది.

పెద్దిరాజు రేడియో ఆపాడు. శ్రీలంకలో మన జవాన్లు మళ్ళీ కొందరు చనిపోయారని వార్తలు. అవి విన్నప్పుడల్లా, కొడుకు మురళీకృష్ణ ఢిల్లీలో మిలటరీ స్టోర్సులో క్షేమంగా ఉన్నందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంటాడు. ఇవాళా పెట్టుకున్నాడు.

"బొమ్మ విమానమా?"

"పెద్ద గద్దంత ఉందండీ. లోపల మనిషి లేడు. దాన్ని ఎగరేసేవాడు నన్ను చెట్టు కింద కదలకుండా కూర్చోమన్నాడు. పైనుంచి ఫొటో తీస్తాడంట."

పెద్దిరాజు చప్పున లేచాడు.

రేపే మామిడితోట గుత్త బేరం. కాపు ఎంతో కంటితో చూసి, ఊహించి పాడుకోవాలి. చెట్టు నెత్తిన ఎన్ని కాయలున్నాయో కింద నిలబడ్డ ఏ మొనగాడికీ తెలియదు. పైనుంచి ఫొటో తీసినవాడికి తెలుస్తుంది. మైలవరం వీరయ్య కూడా రేపు బేరానికి వస్తున్నాడు. ఏళ్ళ తరబడి తన చేతిలో ఉన్న తోట చేజారిపోతుంది.

కాయలు కోయడానికి చివర చిక్కం, అదే వలసంచి, కట్టిన గెడను భుజాన వేసుకుని ఉరికాడు.

చెట్ల మధ్య ఒక కొత్త మనిషి. పొట్టి క్రాపు. చేతిలో డబ్బా, డబ్బాకి ఏరియల్. కళ్ళు ఆకాశంలో ఉన్నాయి.

"ఎవడయ్యా నువ్వు? వీరయ్య పంపాడా?"

"ఏ వీరయ్యండీ? ఇది మిలటరీ పని. గంటలో వెళ్ళిపోతాను."

"మిలటరీకి మామిడికాయలతో పనేంటి? మా అబ్బాయి మురళీకృష్ణ మిలటరీలోనే ఉన్నాడు, ఢిల్లీలో. వాణ్ణి అడగమంటావా?"

ఆ పేరు వినగానే అతని మొహం మారిపోయింది. చూపు మళ్ళీ విమానం మీదికి తిప్పుకున్నాడు.

"ఈ తోట నీకెవరు చూపించారు?"

"చెప్పనని మాటిచ్చానండీ."

దొంగ దొరికినట్టే అనుకున్నాడు పెద్దిరాజు.

జోరీగలా రొద చేస్తూ విమానం కిందికి దిగుతోంది. గెడ పైకి లేపాడు.

"వద్దండీ! మీ కాళ్ళు పట్టుకుంటాను, దాని మీద ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి!"

కాయ కోసినంత ఒడుపుగా దాన్ని చిక్కంలో పట్టి, నేలకేసి కొట్టాడు. రెక్కలు విరిగాయి. కడుపులోని కెమెరా తెరిచి, రీలు మొత్తం లాగి ఎండలో పరిచాడు. అప్పటికి గానీ కోపం చల్లారలేదు.

అతను తిట్టలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ముక్కలన్నీ తువ్వాల్లోకి ఏరుకున్నాడు. సవరమ్మకు జాలేసి తనూ ఏరింది.

"మళ్ళీ చేసుకోవచ్చులే బాబూ."

"చేస్తానమ్మా. అందాకా వాళ్ళు బతికుండాలి గదా," అని లేచి బస్సెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు తోట పెద్దిరాజుకే దక్కింది. ఊరందరికీ మిఠాయి పంచాడు.

కోతలు మొదలైన రోజు తోట ముందు జీపు ఆగింది. మురళీకృష్ణ దిగాడు, రెండు చంకల్లోనూ కర్రలతో. ప్యాంటు ఒక కాలు మోకాలి దగ్గర మడిచి కుట్టి ఉంది.

పెద్దిరాజు చేతిలోని గెడ జారి పడింది.

"స్టోర్సులో ఉండేవాడివి... కాలు ఎట్లా పోయిందిరా?"

"స్టోర్సు లేదు, ఢిల్లీ లేదు నాన్నా. లంకలో ఉన్నా. నువ్వు బెంగపడతావని అబద్ధం చెప్పా. శత్రువులు తోపులో చెట్ల కింద నక్కి కాల్చారు. ఒక్కడూ కనపడలేదు."

పెద్దిరాజు కొడుకుని వాటేసుకుని భోరుమన్నాడు. సవరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"మాకంటే ముందు వెళ్ళి చూసే విమానం ఒకటి మా కెప్టెన్ గారు చేస్తున్నారు. ఈపాటికి మాకు అందాలి. ఎందుకో రాలేదు," అన్నాడు మురళీకృష్ణ.

పెద్దిరాజు ఏడుపు ఆగిపోయింది.

"ఆయన ఇక్కడికి రాలేదా నాన్నా? చెట్ల కింద మనిషి పైనుంచి కనపడతాడో లేదో మన తోటలోనే చూడమని, నా పేరు గానీ, నేను లంకలో ఉన్న సంగతి గానీ నీ దగ్గర ఎత్తొద్దని మాట తీసుకుని, ఆయన్ని పంపింది నేనే."