దూరం బాబాయ్

మేడమీది బాబాయ్ గారు మెట్లు దిగుతుంటే, కింద గుమ్మంలో తల్లి చంకలో ఉన్న పాప నవ్వుతూ చేతులు చాపింది.

ఆయన నిప్పు తొక్కినట్టు గబుక్కున వెనక్కి జరిగాడు.

“కాస్త ఎత్తుకోండి బాబాయ్ గారూ! కరవదు లెండి, ఇంకా పళ్లైనా రాలేదు,” అంది తల్లి.

“వద్దమ్మా... నాకు జలుబు.”

జలుబట, జలుబు! ఏడాది పొడుగునా ఉండే జలుబు ఎక్కడైనా ఉందా?

తల్లికి ఒళ్లు మండింది. ఏడో నెలలోనే పుట్టేసిన పిల్ల అది. గాజుపెట్టెలో పెట్టి, ఎవరిదో రక్తం ఎక్కించి, ఆస్పత్రివాళ్లు బతికించి చేతికిచ్చారు. అలాంటి పిల్లని చూసి మొహం తిప్పుకుంటాడా!

“ఆయనకి పిల్లలంటే పడదేమోలే,” అన్నాడు భర్త.

“పడకపోతే పైనుంచి ఆ దొంగచూపులెందుకూ? ముట్టుకోవడానికే అసహ్యం.”

ఆ రోజే ఆయనకి దూరం బాబాయ్ అని పేరు పెట్టేసింది. పలకరించడం మానేసింది.

వానలు పట్టాక ఆయన నిజంగానే మంచం పట్టాడు. పైనుంచి ఒకటే దగ్గు.

“ఒంటరి మనిషి పాపం. కాసిని వేడినీళ్లైనా ఇచ్చి రానా?” అన్నాడు భర్త.

“మన పిల్ల పనికిరాలేదు గానీ, మన నీళ్లు పనికొస్తాయా? కూర్చోండి.”

భర్త కూర్చుండిపోయాడు.

మర్నాటికి దగ్గు ఆగిపోయింది. తగ్గింది కాబోలు అనుకుంది తల్లి.

తగ్గలేదు. ప్రాణమే పోయింది.

శవం దగ్గర పట్టుమని పదిమంది లేరు. ఆస్పత్రి బ్లడ్ బ్యాంకులో పనిచేసే అమ్మాయి ఒక్కతే గోడకానుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

“మీకు చుట్టమా?” పాపని చంకనేసుకుని వచ్చిన తల్లి అడిగింది.

“కాదండీ. మా దగ్గర రక్తమిచ్చేవారు. సీఎంవీ అని ఓ వైరస్ ఉంది. పెద్దాళ్లలో చాలామందికి ఎప్పుడో తగిలే ఉంటుంది, తెలియను కూడా తెలియదు. దాని గుర్తుగా రక్తంలో యాంటీబాడీలు ఉండిపోతాయి. ఆ రక్తంతో వైరస్ పాకితే ప్రమాదమని నెలలు నిండని పిల్లలకి ఎక్కించం. ఈయనకి ఎన్నిసార్లు పరీక్ష చేసినా అవి లేవనే వచ్చేది. ఆ మాట వింటే చాలు, ఎంత సంబరపడేవారో!”

“అందులో సంబరమేముంది?”

“ఆ వైరస్ ఎక్కువగా చిన్నపిల్లల ఉమ్మి నుంచే అంటుకుంటుందండీ. అందుకే ఏ పిల్లనీ ఎత్తుకునేవారు కాదు. ‘కింద ఇంట్లో ఓ బుజ్జిది ఉందమ్మా, చేతులు చాపితే ప్రాణం లాగేస్తుంది. ఎత్తుకున్నాననుకో, రేపు ఇంకో పసిగుడ్డుకి నా రక్తం పనికిరాకుండా పోతుందేమో’ అనేవారు.”

తల్లికి ఆ వేడినీళ్లు గుర్తొచ్చాయి.

పాప ఆ అమ్మాయి కొంగు పట్టుకుని లాగింది. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని పాపనీ, తల్లినీ మార్చి మార్చి చూసింది.

“అయ్యో, మీరా అమ్మా! ఇది మన గాజుపెట్టె పాపేనా? ఆ రోజు దీనికోసం కబురు పెడితే, చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది ఈయనే.”