నలభై ఒక్క లింకులు

“రెండు వేల లింకులు కొనేస్తాండా. ఇంగ నువ్వు అడ్డం రావద్దు తల్లీ,” అన్నాడు నరసింహ, ఫోన్‌లో లింకులమ్మేవాడి నంబరు మీద వేలు పెట్టి.

కల్లూరులో నరసింహకున్న నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీకి వెబ్‌సైటు చూసుకునే ఉద్యోగం తనూజది. వేరే సైట్లు మన సైటుకు దారి చూపిస్తూ లింకులిస్తే గూగుల్ దాన్ని పైకెక్కిస్తుంది; అందుకే వాటిని అమ్మేవాళ్ళూ ఉన్నారు. పోయిన ఏడు కూడా ఈయన చెప్పాపెట్టకుండా ఇలాగే కొన్నాడు. జాతకాల సైట్లూ, చేపల చెరువుల సైట్లూ తెల్లారేసరికల్లా నాపరాళ్ళను పొగడడం మొదలుపెడితే గూగుల్‌కు అనుమానం రాదా? మొదటి పేజీలో కనపడే సైటు పోయి తొమ్మిదో పేజీలో పడింది. దాన్ని రెండో పేజీ దాకా లాక్కొచ్చేసరికి తనూజకు తల ప్రాణం తోకకొచ్చింది.

“కొన్నవి నిలవవన్నా. ఈసారి పడితే ఇంగ లేవదు. నువ్వు కొంటే మాత్రం రేపట్నుంచి నేను పనికి రాను.”

“మరి ఆ కడపాయప్ప ఎట్లెక్కినాడు? గూగుల్లో నాపరాళ్ళని కొడితే చాలు, ముందు ఆయప్పే వస్తాండాడు. ఎనక శానా పెద్ద కంపెనీ ఏదో ఉండాది. కొనకుండా ఎట్లొస్తాది?”

తనూజ కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ కడప సైటుకు ఎవరెవరు లింకు ఇచ్చారో తీసింది. నలభై ఒకటి. అంతే! రాజంపేటలో ఒక కాలేజీ, కర్నూలులో ఒక ఆసుపత్రి, ఒక కల్యాణమండపం, ఒక అపార్ట్‌మెంట్ సంఘం... ఒక్కటీ దొంగది కాదు. ప్రతిచోటా ఎవరో ఒకరు మనసు పెట్టి రెండు వాక్యాలు రాసి, బండల పనికి ఈయన్ని పిలవండని దారి చూపించారు. ఇంత శుభ్రమైన పని తనూజ తన సర్వీసులో చూడలేదు.

“ఇది చేసినోళ్ళ కాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకోవాలన్నా. ఒక్కసారి కడపకు పోయొస్తా. అంతవరకూ కొనొద్దు.”

“సాయంత్రం దాకా ఆగుతా. పా, నేనూ వస్తా. మనం ఎవరమో మాత్రం నోరు జారొద్దు.”

మధ్యాహ్నానికి కడప చేరారు. పెద్ద కంపెనీ లేదు, అద్దాల ఆఫీసూ లేదు. ఊరి చివర ఒక రేకుల షెడ్డు, గోడకు ఆనించిన పాతిక బండలు, వాటి మధ్య ఉలి నూరుకుంటున్న డెబ్బై ఏళ్ళ ముసలాయన. పేరు బొజ్జన్న.

“రాండప్పా. ఏం బండలు కావాల?”

“బండలు కాదు పెద్దాయనా,” అంది తనూజ. “మీ వెబ్‌సైటు చూసుకునేది ఎవరు?”

“మా కోడలు శివలీల. ఫోటోలు గీటోలు ఆ పాపే పెడతాది.”

“మరి అంతమంది మీ పేరు రాసినారే, ఆ లింకులు?”

“అవా! అవి నేను బస్సుల్లో తిరిగి తెచ్చుకున్యాను.”

నరసింహ పకపకా నవ్వాడు. తనూజ నవ్వలేదు. బొజ్జన్న చేతులు తుడుచుకుని, షెడ్డులోంచి బడిపిల్లల నోటుబుక్కు ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఒక్కో చోటికి ఒక్కో పేజీ.

“ఆ కాలేజీలో మెట్ల మీద ఒక పాప జారి చెయ్యి ఇరగ్గొట్టుకునింది. పోయి మెట్టు మెట్టుకూ ఉలితో గంట్లు కొట్టొస్తి. ఇంగ కాలు జారదు. దుడ్డు వద్దు సామీ, పని నచ్చితే మీ సైట్లో రెండు ముక్కలు రాయండి, నచ్చకుంటే వద్దంటి.”

“నువ్వమ్మిన బండలా అవి?” అన్నాడు నరసింహ.

“కాదప్పా. ఎవురమ్మితే ఏముండాది? పడేది మనిషే కదా.”

తనూజ పేజీలు తిప్పుతూ పోయింది. ఆసుపత్రిలో పన్నెండో నంబరు వార్డు ముందు వరండా. కల్యాణమండపంలో చేతులు కడుక్కునే చోటు. ప్రతి పేజీ కిందా అక్కడివాళ్ళ సంతకం. ముక్కూ మొహం తెలియనివాళ్ళకు లింకు ఇమ్మని ఆరు నెలలుగా తను పంపిన మెయిళ్ళు గుర్తొచ్చాయి. ఒక్కరూ పలకలేదు. ఈయన సంచిలో ఉలీ సుత్తీ వేసుకుని, ఈ వయసులో, నలభై ఒక్కసార్లు బస్సెక్కాడు. ఆమెకు కళ్ళు చెమర్చాయి.

“ఒకడు ఫోన్ చేసి, వెయ్యిమందితో రాయిస్తా, కొనుక్కో అన్యాడు,” అన్నాడు బొజ్జన్న. “నన్ను ఎరగనోళ్ళు నన్ను మెచ్చుకుంటే ఎవురు నమ్ముతారు నాయనా అని పెట్టేస్తి.”

తనూజ ఏడాదిగా గొంతు చించుకుని చెబుతున్నది ఈ మాటే. నరసింహకు ఇప్పుడు ఎక్కింది. ఆయన మెల్లగా ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

“కొనేది వద్దులే తల్లీ,” అన్నాడు గొంతు తగ్గించి. “మనమూ ఇట్లే చేద్దాం.”

పోయిందనుకున్న ఉద్యోగం నిలబడింది. అంతకంటే ఈ మాట వినడమే తనూజకు పెద్ద పండుగ. నరసింహ బండ మీద కూర్చుని, పిల్లవాడిలా ముసలాయన ముందుకు వంగాడు.

“ఒక్కటి చెప్పు పెద్దాయనా. మనుషులు జారే చోట్లు ఇన్ని నీకెట్ల తెలిసినాయి? ఎవురు చెప్పినారు?”

“దాంట్లో నా తెలివేం లేదప్పా,” బొజ్జన్న బోసినోటితో నవ్వాడు. “కల్లూరులో నరసింహ అని ఒకాయప్ప అద్దం మాదిరి నున్నగా పాలిష్ కొట్టి అమ్ముతాడంట, ఆయప్ప బండలు యాడ పరిస్తే ఆడికి నాకు పిలుపొస్తాది, ఈ నలభై ఒక్కటీ ఆ మారాజు చలవే, ఎప్పుడన్నా కనపడితే కాళ్ళకు మొక్కాలని ఉండాది!”